పొరుగూరిలో నిలిచే కాపురము

(కుటుంబ పాఠము)

చదువవలసిన వాక్య భాగములు: ఆదికాండము 2:18–25; ప్రసంగి 4:9–12; అపొస్తలుల కార్యములు 18:1–3, 18–26; రోమా 16:3–5



గత సంవత్సరము వర్షాకాలములో ఒక ఆదివారము రాత్రి భోజనాల వేళ ఒక యౌవన సహోదరుడు మా గుమ్మములో వచ్చి నిలబడినాడు. చొక్కా తడిసి ఉన్నది. లోపలికి రమ్మంటే రాలేదు.

"మాస్టారూ, ఆమెను ఒంగోలు బస్సు ఎక్కించి వస్తున్నాను" అన్నాడు.

"ఊరిలో ఏమైనా శుభకార్యమా, బాబూ?" అని అడిగాము.

"కాదు మాస్టారూ. పెట్టె తీసుకొని వెళ్ళింది. పిల్లవాని బడి పుస్తకాలు కూడా తీసుకొని వెళ్ళింది."

ఆ చివరి మాటతో మాకు సంగతి అర్థమైనది. నాలుగు రోజులకు ఊరు పోయే తల్లి బిడ్డ పుస్తకాలన్నీ మూట కట్టుకొని పోదు.

వారికి వివాహమై ఏడు సంవత్సరములు. అతడు కారు నడుపుతాడు. ఆమె బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని చేస్తుంది. అతనికి తాగుడు లేదు, చేయి చేసుకొనుట లేదు, పరస్త్రీ వ్యామోహము లేదు. అయితే అతడు చెల్లెలి పెళ్ళికని ఫోనులోనే అప్పు తీసుకున్నాడు. ఎనిమిది నెలలు భార్యకు చెప్పలేదు. అప్పు వసూలు చేసేవారు ఒకనాడు ఆమె ఫోనుకే చేసి, తోటి పనివారు వింటుండగా నిలదీశారు. ఆ రాత్రి ఆమె అడిగితే అతడు, "అది మా ఇంటి విషయము, నీకెందుకు?" అన్నాడట.

ఆమెను బస్సు ఎక్కించినది అప్పు కాదు, "మా ఇల్లు" అన్న ఆ మాట. ఏడు సంవత్సరములు కాపురము చేసి, బిడ్డను కని, జీతము తెచ్చి ఇచ్చిన తరువాత కూడ ఆమె అతని ఇంటికి బయటనే ఉన్నదని ఆ మాట చెప్పినది.

ఈ నెల పాఠము ఆ సంగతిని బట్టి వ్రాస్తున్నాము. ఆ దంపతుల అనుమతితోనే వ్రాస్తున్నాము. వారు ఎవరో ఊహించవద్దని మనవి. మనలో చాలా ఇండ్లలో ఆ పెట్టె సగము సర్దబడి మంచము క్రింద ఉన్నది.

ఊరిలో కాపురమును మోసినదెవరు?

మన పల్లెలను జ్ఞాపకము చేసుకొనండి. కొత్త దంపతులు మాటా మాటా అనుకుంటే గోడ అవతలి పిన్నికి వినిపించేది. మరునాడు ఆమె మజ్జిగ వంకతో వచ్చి, పిల్ల ముఖము చూచి, ఏమీ అడగకుండానే కొంతసేపు కూర్చొని వెళ్ళేది. కొడుకు గొంతు పెరిగితే తండ్రి వాకిట్లో నుండి ఒక్కసారి దగ్గేవాడు. ఆ దగ్గు ఎన్నో మాటలను నోటిలోనే ఆపినది. ఆదివారము మందిరమునకు ఇద్దరిలో ఒకరే వస్తే, సాయంత్రమునకు పాస్టరమ్మగారు ఇంటికి వచ్చేవారు. కాపురము ఇద్దరిదే అయినా దానిని పదిమంది మోసేవారు.

ఆ కట్టు అంతయు మంచిదని మేము చెప్పము. ఓర్చుకో అన్న ఒక్క మాటతో ఎందరో ఆడబిడ్డల నోరు నొక్కిన పెద్దలు కూడ ఆ పల్లెలలోనే ఉన్నారు. కట్నము లెక్కలు కూడ ఆ అరుగుల మీదనే జరిగినవి. అయినను ఒక సంగతి నిజము. కాపురము ఒరిగినప్పుడు పట్టుకొనుటకు చుట్టూ చేతులు ఉండేవి.

ఇప్పుడు మన బెంగళూరు బ్రతుకు చూడండి. మారతహళ్ళిలోనో, కె.ఆర్.పురములోనో, ఎలక్ట్రానిక్ సిటీ అవతలనో ఒక గది, ఒక వంటిల్లు. చేతిలో ఉన్నదంతా ఇంటి యజమానికి అడ్వాన్సు క్రింద కట్టి చేరాము. ప్రక్క వాటాలో ఎవరున్నారో పేరు తెలియదు. వారి భాష వేరు, మన భాష వేరు. అతనిది రాత్రి పని, ఆమెది పగటి పని. ఒకరు తాళము తీసే వేళకు మరొకరు తాళము వేసి వెళ్తారు. మన గొంతు పెరిగితే దగ్గే తండ్రి లేడు. మన కన్ను ఎర్రబడితే చూచే పిన్ని లేదు.

అందుచేత మనవారి కాపురములు ఈ ఊరిలో పెద్ద పాపముల వలననే చెడుతున్నవని అనుకొనవద్దు. చాలా కాపురములు పట్టుకొనే చేతులు లేక ఒరిగిపోతున్నవి. ఈ పాఠములో మేము చెప్పదలచినది ఒక్కటే. ఊరిలో పదిమంది అడగకుండానే చేసిన పనిని, పొరుగూరిలో భార్యాభర్తలు కావాలని, ఇద్దరూ కలిసి, నియమముగా చేసుకొనవలెను. పెండ్లినాటి వాగ్దానము దానంతట అది నిలువదు. దానిని నిలిపే ఏర్పాటు కావలెను.

వలస దంపతులు: అకుల, ప్రిస్కిల్ల

మనవంటి వలస దంపతులు బైబిలులో ఉన్నారా? ఉన్నారు. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయము తీయండి. అకుల పొంతు దేశములో పుట్టినవాడు. రోమాలో ఉండగా, క్లౌదియ చక్రవర్తి యూదులను ఆ పట్టణము విడిచిపొమ్మని ఆజ్ఞాపించినాడు. అది క్రీ.శ. 49 ప్రాంతమని చరిత్రకారులు చెప్తారు. భార్యాభర్తలిద్దరూ కొరింథుకు వచ్చి డేరాలు కుట్టే పని పెట్టుకున్నారు. పౌలు వారి ఇంట దిగి వారితో కలిసి పని చేసినాడు. తరువాత వారు ఎఫెసుకు వెళ్ళారు. రోమా పత్రిక వ్రాసే నాటికి మరల రోమాలో ఉన్నారు. ఎన్ని ఊళ్ళు మారారో చూడండి.

వీరి పేర్లు క్రొత్త నిబంధనలో ఆరు చోట్ల కనిపిస్తాయి. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో 2, 18, 26 వచనములు, రోమా 16:3, 1 కొరింథీయులకు 16:19, 2 తిమోతి 4:19. పాఠకులు ఈ ఆరింటిని ఒకే వరుసలో చదివి చూడవలెను. ఒక్క చోట కూడ ఒకరి పేరు విడిచి ఒకరి పేరు లేదు. కొన్ని చోట్ల భార్య పేరే ముందు వస్తుంది. ఊళ్ళు మారినవి, ఇండ్లు మారినవి, ఇద్దరి పేర్లు మాత్రము విడిపోలేదు.

ఇది ఎట్లు సాధ్యమైనదో ఆ వచనములే చూపుతున్నవి. మొదటిది, ఇద్దరూ ఒకే పనిలో చేతులు పెట్టారు. భార్యకు తెలియని లెక్క ఆ దుకాణములో ఉండుట కష్టము. రెండవది, వారి ఇంటి తలుపు తెరిచి ఉన్నది. పౌలు వారి ఇంటిలో ఉన్నాడు, అపొల్లోను వారు చేర్చుకున్నారు, రోమాలోను ఎఫెసులోను వారి ఇంటిలోనే సంఘము కూడినది. వారానికొకసారి పదిమంది వచ్చి కూర్చొనే ఇంటిలో భార్యాభర్తలు నెలల తరబడి మాటలు మానుకొని ఉండుట సులభము కాదు. మూడవది, అపొల్లోకు వారు బోధించినప్పుడు ఇద్దరూ కూర్చొని బోధించారు. బరువైన పనిలో కూడ ఒకరు మాట్లాడుతుంటే ఒకరు వంటింటిలో ఉండిపోలేదు.

అయితే కలిసి ఉండుట ఒక్కటే చాలునా? అదే గ్రంథము 5వ అధ్యాయములో మరి ఇద్దరు దంపతులు ఉన్నారు, అననీయ, సప్పీర. వారు కూడ ఒకే మాట మీద ఉన్నారు. కాని దాచిపెట్టుటకు ఏకమైనారు. గనుక మనకు కావలసిన ఐక్యత వెలుగులో నిలిచే ఐక్యత.

మన పెద్దల త్రోవ

వలస మన తెలుగు బాప్టిస్టులకు కొత్త కాదు. 1876–78 కరువులో ఒంగోలు ప్రాంతపు కుటుంబములు బకింగ్‌హాం కాలువ త్రవ్వకము పనికి భార్యాబిడ్డలతో తరలిపోయినవి. మిషనరీ క్లౌ దొరగారు ఆ కాలువలో మూడున్నర మైళ్ళ పనిని కాంట్రాక్టుకు తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలి చూపారు. మట్టి తట్ట ఒకరు నింపితే ఒకరు ఎత్తిన దంపతుల సంతానము మనలో చాలామంది.

అంతకు ముందే మనకు ఒక మాదిరి ఉన్నది. తోలు పని చేసే కుటుంబమునకు చెందిన యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ 1866లో ఒంగోలులో ఇద్దరూ బాప్తిస్మము పొందారు. తరువాత ఇద్దరూ పల్లెల వెంట నడిచారు. పేరయ్య పురుషులతో మాట్లాడితే, నాగమ్మ స్త్రీలతో మాట్లాడినది. భర్త విశ్వాసములోనికి వచ్చి భార్యను వెనుక విడిచి ఉంటే, ఆ సువార్త సగము ఇంటి దగ్గర ఆగిపోయేది. మన సంఘ చరిత్రలో మొదటి పేజీలలోనే అకుల ప్రిస్కిల్లల వంటి జంట ఉన్నదని మన పిల్లలకు చెప్పవలెను.

మా ఇంటి సంగతి

ఇతరులకు పాఠము చెప్పేవారు తమ ఇంటి తప్పు దాచరాదు. మేము ఉపాధ్యాయ శిక్షణ ముగించి, కొన్నాళ్ళు స్వస్థలములో పని చేసి, 1994లో ఈ ఊరికి వచ్చాము. రెండేళ్ళ తరువాత ఊరిలో మా అన్నగారు పొలములో బోరు వేయించదలచి డబ్బు అడిగారు. మా ఇంటివారి గొలుసు కుదువ పెట్టి పంపాము. ఆమెను అడిగాము గాని, ఆ అడుగుట బడిలో పిల్లలకు ఆజ్ఞ ఇచ్చినట్లున్నది. ఆమె మెడలోనుండి తీసి ఇచ్చినది. బోరులో నీరు పడలేదు. గొలుసు తిరిగి రాలేదు.

ఆమె ఏమీ అనలేదు గనుక అంతా బాగున్నదని మేము అనుకున్నాము. ఇంచుమించు ఒక సంవత్సరము ఇంటిలో ఉప్పు పప్పు మాటలు తప్ప వేరే మాట లేదు. ఒకనాడు అడుగగా ఆమె చెప్పిన మాట ఇది: "గొలుసు పోయినందుకు కాదండీ. నీళ్ళు పడలేదని తెలిసినప్పుడు మీరు మీ అన్నగారితో మాట్లాడి ఏడ్చారు. నాతో ఒక్క మాట అనలేదు."

అప్పుడు మాకు ఆదికాండము 2:24 కొత్తగా అర్థమైనది. తలిదండ్రులను విడుచుట అంటే వారిని పోషించుట మానుట కాదు. తలిదండ్రులను సన్మానించవలెనన్న ఆజ్ఞ అట్లే ఉన్నది. విడుచుట అంటే మన మొదటి మాట ఎవరికి చెప్పవలెనో ఆ స్థానమును మార్చుట. నష్టము వచ్చినా లాభము వచ్చినా మొదట వినవలసిన చెవి భార్యది, భర్తది. మేము అన్నగారికి డబ్బు ఇచ్చుట తప్పు కాదు. మొదటి మాటను మా ఇంటివారి దగ్గరనుండి తీసివేయుట తప్పు.

ఆ నెలనుండి ఒక నోటు పుస్తకము పెట్టుకున్నాము. జీతము వచ్చిన రోజు రాత్రి ఇద్దరమూ కూర్చొని వ్రాస్తాము. ఇప్పటికిని వ్రాస్తున్నాము.

నాలుగు స్తంభములు

మా అనుభవములోను, ఈ ఊరిలో చూచిన కుటుంబములలోను నాలుగు ఏర్పాట్లు కాపురమును నిలుపుటకు సహాయము చేసినవి. పల్లెలో పదిమంది చేసిన పని ఇక్కడ ఈ నాలుగు చేయవలెను.

మొదటిది లెక్క. నెలకొకసారి ఇద్దరూ కూర్చొని మూడు సంగతులు వ్రాయవలెను: వచ్చినది ఎంత, ఊరికి పంపినది ఎంత, అప్పు ఎంత. అత్తవారికి ఎంత, పుట్టింటికి ఎంత అన్నది ముందుగా మాట్లాడుకొని వ్రాయవలెను. ఇప్పుడు అప్పు చేయుటకు చీటీ వ్యాపారి దగ్గరకు పోనవసరము లేదు, బ్యాంకు మెట్లు ఎక్కనవసరము లేదు. ఫోనులో రెండు నిమిషముల పని. గనుక మన ఇంటిలో ఒక నియమము ఉండవలెను: ఒకరికి తెలియకుండ మరొకరు ఒక్క రూపాయి అప్పు చేయరాదు, ఎవరి అప్పుకును పూచీ సంతకము చేయరాదు. భార్య జీతము భర్త చేతిలో పెట్టుట లెక్క కాదు. ఇద్దరి జీతములు ఇద్దరి కన్నుల ముందు ఉండుట లెక్క. ఆదికాండము 2:25లో మొదటి దంపతులకు ఒకరి యెదుట ఒకరికి సిగ్గు లేదని చదువుతాము. దాచుట మొదలైన చోట సిగ్గు మొదలవుతుంది.

రెండవది పూట. ద్వితీయోపదేశకాండము 24:5లో ఒక దయగల నియమము ఉన్నది. కొత్తగా పెండ్లి చేసుకున్నవానిని ఒక సంవత్సరము సైన్యమునకు పంపరాదు. అతడు ఇంటనుండి భార్యను సంతోషపెట్టవలెను. మన యౌవనులు పెండ్లయిన పది రోజులకే భార్యను పల్లెలో విడిచి బెంగళూరు బస్సు ఎక్కుతున్నారు. జీవనము కొరకు తప్పదని మాకు తెలియును. అయితే ఎంతకాలము అన్నది ముందే నిర్ణయించుకొనండి. 1 కొరింథీయులకు 7:5లో పౌలు భార్యాభర్తల ఎడబాటుకు రెండు హద్దులు పెట్టినాడు: ఇద్దరి సమ్మతి ఉండవలెను, అది కొంతకాలమే ఉండవలెను. ఈ రెండూ లేని ఎడబాటు మెల్లగా అలవాటై, తరువాత రెండు వేరు వేరు బ్రతుకులు అవుతుంది. ఒకే ఇంటిలో ఉన్నవారికి కూడ ఈ మాట వర్తిస్తుంది. షిఫ్టులు వేరైన దంపతులు వారములో కనీసము రెండు పూటలు కలిసి భోజనము చేయవలెను. ఆ పూట ఫోను వేరే గదిలో ఉండవలెను. భోజనము చివర ఒకరి కొరకు ఒకరు, పేరు పెట్టి, రెండు నిమిషములు ప్రార్థించవలెను. పేరు పెట్టి ప్రార్థించిన మనిషి మీద కోపము చాలాకాలము నిలుపుకొనుట కష్టము.

మూడవది మాట. మృదువైన జవాబు కోపమును చల్లార్చునని సామెతలు 15:1 నేర్పుతుంది. అయితే మృదువుగా మాట్లాడుటకు కూడ కొన్ని కట్టుబాట్లు కావలెను. "మీవాళ్ళు, మావాళ్ళు" అన్న రెండు మాటలు గొడవలోనికి రానీయరాదు. పాత తప్పు ఒకసారి క్షమించిన తరువాత మరల ఎత్తరాదు. బిడ్డ యెదుట ఒకరినొకరు తీసివేసి మాట్లాడరాదు. మరియొకటి, కోపములో ఊరికి ఫోను చేయరాదు. పూర్వము ఉత్తరము వ్రాసి, తపాలా బిళ్ళ అంటించి, పోస్టు డబ్బా దాకా నడిచే లోపల కోపము తగ్గేది. ఇప్పుడు కన్నీరు ఆరకముందే మాట తల్లికి చేరుతుంది. భార్యాభర్తలు తెల్లవారేసరికి కలిసిపోతారు. ఆ తల్లి మాత్రము సంవత్సరము వరకు మరువదు. ఎఫెసీయులకు 4:26లో సూర్యాస్తమయమునకు ముందే కోపము విడువమన్న హెచ్చరికను రాత్రి షిఫ్టువారు ఇట్లు తీసుకొనవచ్చును: ఒకరు తాళము వేసి పనికి పోకముందే ఆ మాట ముగియవలెను. ముగియకపోతే, ఏ వేళ కూర్చొని మాట్లాడుకుంటారో ఆ వేళ అయినా చెప్పి వెళ్ళవలెను.

నాలుగవది సాక్షులు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము జరిగే పెండ్లిలో, వివాహము జరిపించే సేవకుడు గాక, కనీసము ఇద్దరు సాక్షులు ఉండవలెను. వధూవరులతో పాటు వారు కూడ రిజిస్టరులో సంతకము పెడతారు. మనము ఆ సంతకమును ఒక పద్ధతిగా చూచి ఫోటోకు నిలబడతాము. కాని దాని భావము గొప్పది. పెండ్లి ఇద్దరి రహస్యము కాదు, దానికి చూచినవారు ఉన్నారు, వారిని అడుగవచ్చును. మలాకీ 2:14లో ప్రభువే భర్తకును, అతని యౌవన కాలపు భార్యకును మధ్య సాక్షిగా నిలిచినట్లు చదువుతాము.

మీ పెండ్లి రిజిస్టరులో సంతకము పెట్టినవారు ఇప్పుడు ఎక్కడున్నారు? ఒకరు ఊరిలో ఉంటారు, ఒకరు గల్ఫులో ఉంటారు, ఒకరు ప్రభువునందు నిద్రించి ఉంటారు. అట్లయితే ఈ బెంగళూరులో మీ కాపురమునకు ఇద్దరు సాక్షులను మీరే ఏర్పరచుకొనండి. భార్యాభర్తలు ఇద్దరికిని నమ్మకమైన ఒక జంట అయితే మేలు. వారు మీ బంధువులు కాకుండుట మంచిది, ఏలయనగా బంధువు ఒక ప్రక్క నిలబడతాడు. వారు మీ మాట బయట చెప్పనివారై ఉండవలెను. మూడు నెలలకొకసారి వారిని భోజనమునకు పిలువండి, లేక మీరే వెళ్ళండి. "మీరిద్దరూ ఎట్లున్నారు?" అని అడుగుటకు వారికి ముందుగానే అధికారము ఇవ్వండి. ప్రసంగి 4వ అధ్యాయములో ఇద్దరి మేలు చెప్పి, చివర మూడు పేటల త్రాడు మాట చెప్పబడినది. ఊరిలో ఆ మూడవ పేటను పెద్దలు పేనారు. ఇక్కడ మనమే ప్రభువును, ఆయన ప్రజలను కోరి పేనుకొనవలెను.

ఒక హద్దు

ఇంతవరకు వ్రాసినదానిని ఎవరును తప్పుగా వాడుకొనకుండ ఒక మాట చెప్పుట మా బాధ్యత. నిలిచే కాపురము అంటే దెబ్బలు ఓర్చుకొనే కాపురము కాదు. ఎఫెసీయులకు 5:25 భర్తకు అప్పగించిన మాదిరి తన్ను తాను అర్పించుకొన్న క్రీస్తు. చేయి ఎత్తినవాడు ఆ మాదిరిని తానే విడిచినాడు. అట్టి ఇంటిలోని సహోదరికి "ఇంకొంచెము ఓర్చుకో అమ్మా" అని చెప్పుట సంఘ పెద్దల పని కాదు. మొదట ఆమెను, బిడ్డలను క్షేమమైన చోటికి చేర్చుట, తరువాత మాట్లాడుట, ఇది వరుస. గృహ హింస నుండి స్త్రీల రక్షణ చట్టము 2005లో వచ్చినది. ఆమె నివసించే ఇంటిలో ఉండే హక్కును అది కాపాడుతుంది. ఆపదలో 112, మహిళా సహాయవాణి 181 నంబర్లకు ఫోను చేయవచ్చును. 1869 నాటి క్రైస్తవ విడాకుల చట్టమును 2001లో సవరించిన తరువాత, భర్త క్రూరత్వము ఒక్కటే కారణముగా కూడ భార్య కోర్టును ఆశ్రయించవచ్చును. అంతకు ముందు క్రూరత్వముతో పాటు వ్యభిచారమును కూడ ఆమె రుజువు చేయవలసి వచ్చేది. ఇవి తెలిసి ఉండుట అవిశ్వాసము కాదు.

తాగుడును కూడ తిట్లతో మాన్పించలేము. అది రోగముగా ముదిరినప్పుడు వైద్యము కావలెను. మన ఊరిలోనే హోసూరు రోడ్డు మీద నిమ్హాన్స్ ఆసుపత్రి ఉన్నది. అక్కడ మత్తు అలవాట్లకు ప్రత్యేక చికిత్స ఉన్నది. మనస్సు కుంగినవారు టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చును. ప్రార్థనయు చికిత్సయు ఒకదానికొకటి శత్రువులు కావు.

ఆ పెట్టె సంగతి

ఆ రాత్రి గుమ్మములో నిలబడిన సహోదరునికి మేము ప్రసంగము చేయలేదు. అన్నము పెట్టాము. తరువాత మా పాత నోటు పుస్తకములలో ఒకటి తీసి, గొలుసు సంగతి చెప్పాము. అతడు తల వంచుకొని చాలాసేపు ఆ పేజీలు చూచినాడు.

మా ఇంటివారు మరునాడు ఆ అమ్మాయికి ఫోను చేశారు. "ఎందుకు వెళ్ళావు?" అని అడుగలేదు. "అన్నం తిన్నావా అమ్మా? పిల్లవాడు బాగున్నాడా?" అని మాత్రము అడిగి పెట్టేశారు. రెండు రోజులకొకసారి అట్లే చేశారు. మూడవ వారములో ఆ అమ్మాయి తానే, "అమ్మగారూ, అప్పు ఎంతో ఆయన ఇప్పుడైనా నిజం చెప్తారా?" అని అడిగినది. ఆమె అడిగినది డబ్బు కాదు, నిజము.

అతడు అప్పు వివరములన్నియు ఒక కాగితము మీద వ్రాసి, ఒంగోలుకు వెళ్ళి, అత్తమామల యెదుట కాకుండ మొదట భార్య చేతికి ఇచ్చినాడు. "మా ఇల్లు అన్నాను. తప్పు. మన ఇల్లు" అని చెప్పినాడట. ఆమె వెంటనే రాలేదు. పిల్లవాని పరీక్షలు ముగిసిన తరువాత వచ్చినది. వచ్చేముందు రెండు షరతులు పెట్టినది: నెలకొకసారి లెక్క, మూడు నెలలకొకసారి మా ఇంట భోజనము. రెండును జరుగుతున్నవి. అప్పు ఇంకను తీరలేదు. మొన్న భోజనమునకు వచ్చినప్పుడు కూడ వారి మధ్య ఒక చిన్న మాట పట్టింపు వచ్చినది. అయితే ఆ పెట్టె ఇప్పుడు అటక మీద ఉన్నది.

ఇంటిలో ఇద్దరూ కలిసి ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఈ నెల మంచి వార్త గాని చెడ్డ వార్త గాని మనము మొదట ఎవరితో చెప్పాము? ఎందుకు?

2. మన ఇంటిలో ఒకరికి తెలిసి ఒకరికి తెలియని అప్పు, పొదుపు, పూచీ ఏదైనా ఉన్నదా? దానిని ఏ రోజున కూర్చొని చెప్పుకుంటాము?

3. వారములో ఏ రెండు పూటలు మనవి? వాటిని తినివేస్తున్నది ఏది?

4. వేరు వేరు ఊళ్ళలో ఉంటున్నవారు: మన ఎడబాటుకు ఇద్దరి సమ్మతి ఉన్నదా? అది ముగిసే నెల ఏది?

5. ఈ ఊరిలో మన కాపురమునకు ఇద్దరు సాక్షులు ఎవరు? లేకపోతే, వచ్చే ఆదివారము ఎవరిని అడుగుదాము?

సంఘములోని పెద్ద దంపతులకు ఒక మనవి. ఎవరైనా యౌవన జంట ఈ అయిదవ ప్రశ్నతో మీ దగ్గరకు వస్తే, "మాకు తీరిక లేదు" అనవద్దు. మందిరములో ఇద్దరిలో ఒకరే కనిపించిన ఆదివారము, ఆ సాయంత్రమే ఒక ఫోను చేయండి. ఉపదేశము తరువాత చేయవచ్చును. మొదట అన్నము తిన్నారా అని అడుగండి.

అకుల ప్రిస్కిల్లలను ఊరూరా కలిపి నడిపించిన ప్రభువు ఈ మహానగరములో మీ ఇద్దరి పేర్లను విడదీయకుండ కాపాడును గాక. ఆమేన్.